డేటాబేసునకు ఎంత క్యాష్ చాలును?

బ్యాంకు గుమాస్తా ఎదుట గాని, ఆసుపత్రిలో చీటీలు వ్రాయు బల్లవద్ద గాని, విద్యుత్తు బిల్లు చెల్లించు కిటికీవద్ద గాని నిలుచున్నపుడు "కంప్యూటరు స్లోగా ఉందండీ, కాస్త ఆగండి" అను మాట వినని గృహస్థు నేడు అరుదు. ఆ మాట చెప్పువారికి గాని, వినువారికి గాని ఆ నెమ్మదికి కారణమేమో సాధారణముగా తెలియదు. ఈలోగా వరుస పెరుగుచుండును. ముసలివారు గోడకు చేరగిలబడుదురు. కూలి మానుకొని వచ్చినవారి పూట గడచిపోవును. ఈ జాప్యమునకు కారణములు పెక్కు కలవు. వానిలో ఒకదానిని గూర్చి మాత్రమే నేడు మనవి చేయదలచితిమి. డేటాబేసు తన చేతి దగ్గర ఉంచుకొను అందుబాటు నిలువను ఈ పని యెరిగినవారు బఫర్ క్యాష్ అందురు. దాని పరిమాణము ఎంత ఉండవలెను, ఆ సంగతిని ఎట్లు తేల్చుకొనవలెను అనునదే మా ప్రసంగ విషయము.

డేటాబేసు అనగా పేర్లు, పద్దులు, తేదీలు, లెక్కలు ఒక క్రమమున భద్రపరచి, అడిగినపుడు వెదకి యిచ్చు ఏర్పాటు. ఆ లెక్కలన్నియు డిస్కుమీద ఉండును. అవి కరెంటు పోయినను చెరగవు. కాని కంప్యూటరు డిస్కుమీది లెక్కను నేరుగా చూచి పని చేయజాలదు. ముందుగా దానిని మెమరీలోనికి తెచ్చుకొనవలెను. మెమరీ మిక్కిలి వేగమైనది. కాని డిస్కుకంటె ఖరీదైనది, పరిమాణమున చిన్నది, కరెంటు పోయినచో తనలో ఉన్నదంతయు మరచునది.

ఈ రెంటి వేగములలోని అంతరము మన ఊహకు సులభముగా అందదు. మెమరీనుండి ఒక అంశమును తీయుటకు సుమారు 100 నానోసెకండ్లు పట్టును. నానోసెకండు అనగా సెకండులో వంద కోట్లవ వంతు. గిరగిర తిరుగు పళ్లెముగల డిస్కునుండి తీయుటకు సుమారు 10 మిల్లీసెకండ్లు, అనగా లక్షరెట్లు కాలము పట్టును. మెమరీకి పట్టు కాలమును ఒక్క సెకండుగా భావించినచో, డిస్కునకు లక్ష సెకండ్లు, అనగా ఒక పగలు, ఒక రాత్రి గడచి మరి మూడు గంటలు దాటిపోవును. ఇటీవలి ఘనస్థితి డిస్కులు, అనగా తిరుగు భాగములు లేనివి, చాల నయము. అదే కొలతలో వానికి పదునారు, పదునేడు నిమిషములు చాలును. అయినను ఒక్క సెకండు ఎక్కడ, పదునేడు నిమిషములు ఎక్కడ!

కనుక పదేపదే కావలసిన వానిని మెమరీలో ఉంచుకొనుట వివేకము. మన వంటయింట చేయునది ఇదియే. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినపపప్పు, ఎండుమిరపకాయలు పొయ్యిదగ్గర పోపులపెట్టెలో ఉండును. మూటలు, డబ్బాలు సామానుల గదిలో ఉండును. పోపు మాడిపోకుండుటకు కారణము పెట్టె పెద్దదగుట కాదు; కావలసినవి అందులో ఉండుట.

చెవికి ఈ క్యాష్ అను శబ్దము రొక్కమను అర్థముగల పదమువలెనే వినబడును. కాని రెండును వేరు. దాచుట యను అర్థముగల ఫ్రెంచి మాటనుండి వచ్చినది ఇది. 1968లో ఐ.బి.ఎం. వారు తమ సిస్టం 360 శ్రేణిలోని 85వ నమూనా యంత్రమును వర్ణించుచు తమ పత్రికలో ఈ పదమును వాడిరి. ఆ యంత్రములోని నిలువ మరియొక అంతస్తునకు చెందినదే యైనను తలంపు ఒక్కటే. పేరు మాత్రము నిలిచిపోయినది.

ఆ తలంపు అంతకంటెను పాతది. 1962లో ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున టామ్ కిల్‌బర్న్ బృందము నిర్మించిన అట్లాస్ అను కంప్యూటరులో వేగముగల నిలువ చిన్నది, నెమ్మదియైన డ్రమ్ము నిలువ పెద్దది. సమాచారమును 512 మాటల పుటలుగా విభజించిరి. వేగముగల నిలువలో 32 పుటలకు చోటుండెను. క్రొత్త పుట రావలసినపుడు పాత పుట ఒకటి పోవలెను. అది ఏది? ఇప్పటికిని ప్రతి క్యాష్‌కు ఎదురగు ప్రశ్న ఇదియే. 1966లో ఐ.బి.ఎం. పరిశోధకుడు లాస్లో బెలాడి దీనికి సిద్ధాంతరీత్యా సమాధానము చెప్పెను. ఏ పుట యొక్క తరువాతి అవసరము అన్నిటికంటె దూరముగా నున్నదో దానిని పంపివేయుటయే ఉత్తమము. కాని రాబోవు అవసరము యంత్రమునకు తెలియదు గదా! అందుచేత గడచినదానినిబట్టి ఊహించుట తప్పనిసరి. చాలకాలముగా ఎవరును ముట్టని పుటను పంపివేయుట అట్టి ఊహలలో ప్రసిద్ధమైనది.

ఇక పరిమాణమునకు వత్తము. కోరిన పుట క్యాష్‌లో నూటికి ఎన్ని మార్లు దొరకినది అను లెక్కను హిట్ రేషియో అందురు. నూటికి 90 అన్నను, 99 అన్నను పరీక్షలో రెండును మొదటి తరగతి మార్కులే. ఇక్కడ మాత్రము అట్లు కాదు. ఒక పనికి 1000 పుటలు కావలెననుకొందము. నూటికి 90 దొరకినచో 100 పుటలకు డిస్కువద్దకు పోవలెను. ఒక్కొక్కదానికి 10 మిల్లీసెకండ్ల చొప్పున మొత్తము ఒక సెకండు. నూటికి 99 దొరకినచో 10 పుటలే. సెకండులో పదవ వంతు. 99.9 దొరకినచో ఒక్క పుటయే; సెకండులో నూరవ వంతు. దొరకినవానిని గాక దొరకనివానిని లెక్కించినపుడే నిజము బయటపడును.

అట్లయినచో మెమరీని కొనుచునే పోవలెనా? ఈ ప్రశ్నకు రూపాయి అణా పైసలలో సమాధానము చెప్పిన వారు జిమ్ గ్రే, ఫ్రాంకో పుట్జోలు. వీరు టాండెం కంప్యూటర్స్ సంస్థలో పనిచేసిన ఇంజనీర్లు. 1987లో వెలువడిన వారి వ్యాసములోని లెక్క ఇది. సెకండునకు ఒకసారి డిస్కునుండి చదువు శక్తిని కొనుటకు, దానికి వెచ్చించు యంత్రభాగముతో కలిపి, ఆనాడు సుమారు 2000 డాలర్లు. ఒక కిలోబైటు మెమరీ ధర సుమారు 5 డాలర్లు. 2000ను 5 చేత భాగించినచో 400 సెకండ్లు. కనుక ఒక కిలోబైటు పుట సుమారు ఐదు నిమిషములలోపున మరల కావలసివచ్చుచున్నచో దానిని మెమరీలో ఉంచుటయే చవుక. అంతకంటె అరుదుగా కావలసినచో డిస్కుమీదనే ఉండనిచ్చుట చవుక. ఇది ఐదు నిమిషముల సూత్రముగా ప్రసిద్ధి కెక్కినది. 1997లోను, 2007లోను ఈ లెక్కను మరల వేసి చూచిరి. ధరలు మారిన కొలది, పుటల పరిమాణము మారిన కొలది నిమిషములు మారును. మారనిది ఆలోచన: ఒక పుటకు మెమరీలో చోటు దక్కవలెనన్నచో అది ఆ చోటునకు తగిన పని చేయవలెను.

పీటర్ డెన్నింగ్ 1968లో మరియొక భావమును ప్రతిపాదించెను. దానిని పనిలోనున్న సమితి యనవచ్చును. ఒక కొలది కాలములో యంత్రము నిజముగా తాకుచున్న పుటల మొత్తమే ఆ సమితి. అది క్యాష్‌లో పట్టినచో పని సాఫీగా సాగును. పట్టనిచో యంత్రము పుటలను తెచ్చుట, పంపుట యందే కాలము గడపి అసలు పనిని మరచును. పూర్తిగా పట్టిన తరువాత ఇంకను చోటు పెంచిన లాభము స్వల్పము. కాబట్టి తెలిసికొనవలసినది డేటాబేసు మొత్తము ఎంత యున్నది అని కాదు, యంత్రములో మెమరీ ఎంత యున్నది అనియు కాదు. పనిలోనున్నది ఎంత అని.

దీనిని ఒక ఉదాహరణముతో చూతము. పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వమున ప్రారంభమైనది. నేడు దానిని ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. అందులో పుట 8 కిలోబైట్లు. షేర్డ్ బఫర్స్ అని పిలువబడు దాని క్యాష్‌కు నిర్మాతలు సామాన్యముగా ఉంచు పరిమాణము 128 మెగాబైట్లు. ఇది చిన్న యంత్రముమీద కూడ ప్రారంభము కావలెనని ఉంచినదే గాని అందరికిని చాలునని కాదు. డేటాబేసు కొరకే కేటాయించిన యంత్రమైనచో మొత్తము మెమరీలో నాలుగవ వంతుతో మొదలిడుమనియు, నూటికి 40 వంతులు దాటించిన మేలు కలుగుట అరుదనియు దాని మార్గదర్శక గ్రంథము చెప్పుచున్నది.

నాలుగవ వంతే ఎందుకు? పోస్ట్‌గ్రెస్ సాధారణముగా డిస్కును నేరుగా చదువదు. ఆపరేటింగు సిస్టము ద్వారా చదువును. ఆపరేటింగు సిస్టము తాను చదివినదానిని తన నిలువలో కూడ ఉంచుకొనును. కావున ఒకే పుట రెండుచోట్ల ఉండుట సంభవించును. ఈ రెండంతస్తుల ఏర్పాటు డేటాబేసులకు అంతగా సరిపడదని స్టోన్‌బ్రేకర్ 1981లోనే వాదించెను. తనకు ముందు ఏ పుట కావలెనో డేటాబేసునకు తెలిసినంతగా ఆపరేటింగు సిస్టమునకు తెలియదు గదా. మై ఎస్‌క్యూఎల్ డేటాబేసులోని ఇన్నోడీబీ భాగము ఆపరేటింగు సిస్టము నిలువను తప్పించి డిస్కును చదువగలదు. అందుచేత దానికి మెమరీలో నూటికి 80 వంతుల వరకు ఈయవచ్చునని దాని గ్రంథము చెప్పును. ఒకే యంత్రము, ఒకే లెక్కలు. అయినను ఒకచోట 25, మరియొకచోట 80. ఇట్టి సూత్రములు బయలుదేరు చోటును చూపునే గాని చేరవలసిన చోటును చూపవు.

ఇపుడు ఒక సహకార సంఘమునకు 16 గిగాబైట్ల మెమరీగల యంత్రము కలదనుకొందము. దాని డేటాబేసు 40 గిగాబైట్లు. పదేండ్ల పాత పద్దులు అందులోనే ఉన్నవి. దినమున నిజముగా తాకునది 3 గిగాబైట్లు మాత్రమే. క్యాష్ 128 మెగాబైట్లుగానే ఉన్నచో ఆ 3 గిగాబైట్లు అందులో పట్టవు. 4 గిగాబైట్లు ఈయగానే సభ్యుల ఖాతాలు చేతికి అందును, వరుస కదలును. ఇది చూచి సంతోషించిన నిర్వాహకుడు "ఇంకా పెంచితే ఇంకా బాగుంటుంది" అని 12 గిగాబైట్లు ఇచ్చెననుకొందము. మొదట ఏమియు కాదు. నెలాఖరున 200 మంది ఒక్కసారిగా పనిలోనికి వత్తురు. పద్దులను వరుసక్రమమున పేర్చుట మొదలగు పనులకు ఒక్కొక్కరికి వేరుగా మెమరీ కావలెను. దానికి సామాన్యపు హద్దు పేర్పు ఒక్కొక్కటికి 4 మెగాబైట్లు. అదే నిర్వాహకుడు ఆ హద్దును 64కు పెంచియుండినచో, తలకొక్క పేర్పునకే 200 మందికి 12,800 మెగాబైట్లు కావలసివచ్చును. క్యాష్‌కు 12, వీరికి 12, ఉన్నవి 16.

అప్పుడు ఆపరేటింగు సిస్టము మెమరీలోని పుటలను డిస్కుమీదికి నెట్టుట కారంభించును. డిస్కువద్దకు పోవు శ్రమ తప్పవలెనని మెమరీలో దాచినదానిని మరల డిస్కుమీదనే వెదుకుకొనవలసి వచ్చును. లినక్సు యంత్రమైనచో, మెమరీ పూర్తిగా అడుగంటినపుడు ఎక్కువ ఆక్రమించిన కార్యక్రమమును తానే ఆపివేయును. ఆ కార్యక్రమము తరచు డేటాబేసే యగును. జనము అత్యధికముగా వచ్చిన గంటలోనే కిటికీ మూతపడును. లెక్కలు మాత్రము పోవు. ప్రతి మార్పును ముందుగా చిట్టాలో వ్రాసి డిస్కునకు చేర్చిన పిదపనే జరిగినదని చెప్పుట డేటాబేసు ధర్మము. కాని తిరిగి లేచిన డేటాబేసు క్యాష్ ఖాళీగా ఉండును. అది మరల నిండువరకు పని నెమ్మదిగానే సాగును.

క్యాష్ ఎంత పెద్దదైనను ఒక దుబారా కోరిక దానిని పాడుచేయగలదు. పెండ్లికి వచ్చిన సరకంతయు పోపులపెట్టెలో పోసినచో రోజువారీ ఆవాలకు చోటెక్కడ? పదేండ్ల పద్దులన్నిటిని ఒకసారి చదువు నివేదిక కూడ ఇట్టిదే. అది తెచ్చు పుటలు మరల అక్కరకు రావు. కాని పనికివచ్చు పుటలను గెంటివేయును. దీనిని నివారించుటకై 2008లో వెలువడిన పోస్ట్‌గ్రెస్ 8.3లో ఒక ఏర్పాటు చేసిరి. క్యాష్‌లో నాలుగవ వంతుకంటె పెద్దదైన పట్టికను మొదటినుండి చివరివరకు చదువునపుడు, ఆ పుటలకు 256 కిలోబైట్ల చిన్న మూల మాత్రమే అందులో ఈయబడెను. అవి అందులోనే వచ్చి పోవలెను.

మరియొక మోసము హిట్ రేషియోలోనే కలదు. ఒక సభ్యుని ఖాతా వెదకుటకు తగిన సూచిక లేనిచో డేటాబేసు పట్టికనంతయు తిరుగవేయవలెను. 800 మెగాబైట్ల పట్టికలో సుమారు లక్ష పుటలుండును. ఆ లక్ష పుటలును క్యాష్‌లోనే ఉన్నచో హిట్ రేషియో నూటికి నూరు! అయినను లక్ష పుటలు తిరుగవేయుట లక్ష పుటలు తిరుగవేయుటయే. సూచిక నిర్మించినచో నాలుగైదు పుటలతో పని ముగియును. నూటికి 99 దొరకుచున్నదని నిశ్చింతగా కూర్చుండుట ఎంత పొరపాటో, అంకె తగ్గినదని వెంటనే మెమరీ కొనుటయు అంతే పొరపాటు. ముందు కోరికను సరిదిద్దవలెను, తరువాతనే క్యాష్‌ను.

పెద్దదైనంత మాత్రమున మేలు తప్పక కలుగునను నమ్మకమును 1969లో బెలాడి, తన సహచరులగు నెల్సన్, షెడ్లర్‌లతో కలిసి, మరియొక విధముగా భంగపరచెను. ముందు వచ్చిన పుట ముందు పోవలెనను నియమము పెట్టుకొన్నచో, చోటు పెంచినపుడు డిస్కు ప్రయాణములు పెరుగుట కూడ కలదు. చదువరులు పెన్సిలు తీసికొని చూడవచ్చును. పుటలు ఈ వరుసలో కోరబడినవనుకొనుడు: 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5. మూడు గదులున్నచో 9 ప్రయాణములు. నాలుగు గదులున్నచో 10. అందరికంటె ఎక్కువ కాలము ముట్టబడని పుటను పంపివేయు నియమమునకు ఈ దోషము లేదు. 1970లో ఐ.బి.ఎం.కు చెందిన మాట్సన్, తదితరులు ఇట్టి నియమముల విషయమున ఒక సదుపాయమును చూపిరి. కోరికల వరుసను ఒక్కసారి పరిశీలించినచో చాలును, ప్రతి పరిమాణమునకును ఎన్ని ప్రయాణములు పట్టునో తేలును. కొనకముందే కొలుచుటకు దారి దొరకినది. నేడు ఒరాకిల్ డేటాబేసు, క్యాష్‌ను ఇంతకు పెంచినచో లేక తగ్గించినచో డిస్కు చదువులు ఎంత మారునో తానే అంచనా వేసి పట్టికగా చూపును.

కావున ఈ బాధ్యత వహించువారికి మేము చెప్పదలచినది ఇది. మొదట, జనము ఎక్కువగా వచ్చు గంటలలోనే కొలువుడు. రాత్రివేళ కొలిచిన కొలత పగటికి పనికిరాదు. రెండవది, నెమ్మదిగా నడచు కోరికలను వెదకి, కావలసిన సూచికలను నిర్మింపుడు. మూడవది, ఆపరేటింగు సిస్టమునకు, వాడుకరుల పేర్పులకు కావలసినది లెక్కించి ప్రక్కన పెట్టి, మిగిలినదానిలోనుండి క్యాష్‌కు ఈయుడు. నాలుగవది, ఒకమారు ఒక్క మార్పే చేసి, కొన్ని దినములు గమనింపుడు. పోస్ట్‌గ్రెస్‌లో క్యాష్ నందలి ప్రతి పుటకును వాడుక అంకె ఒకటి ఉండును. అది 5కు మించదు. పనిరద్దీ వేళ చూచినపుడు అధికభాగము పుటలకు ఆ అంకె 4, 5 ఉన్నచో అందరును పని చేయుచున్నారని, చోటు పెంచి చూడవచ్చునని అర్థము. సున్న, ఒకటి ఉన్నవే అధికమైనచో, పెంచిన చోటున కూర్చుండువారు కూడ సోమరులే యగుదురు.

ఇక వరుసలో నిలుచువారికిని ఇందులో ఒక సంగతి కలదు. సంఘముల సొమ్ము, పంచాయతీల సొమ్ము ప్రజల సొమ్మే. యంత్రము నెమ్మదిగా ఉన్నది, క్రొత్తది కొనవలెను అను తీర్మానము సభ ముందుకు వచ్చినపుడు, "ఉన్నదానిని కొలిచి చూచితిరా? ఏమి తేలినది?" అని అడుగు హక్కు ప్రతి సభ్యునకును కలదు. ఆ ప్రశ్నకు అంకెలతో సమాధానము వచ్చినచో సొమ్ము ఈయవచ్చును. ఒక సూచిక, ఒక చిన్న సవరణ చాలునని తేలినచో ఆ సొమ్ము మరియొక అవసరమునకు మిగులును. ఎట్లయినను కిటికీవద్ద నిలుచున్నవారు త్వరగా ఇల్లు చేరుదురు.